రిపోర్టు వచ్చేదాకా మంచం మీదేనా?

మీరు ఆర్థో వార్డులో ఈ మధ్యే చేరినవాళ్లయితే, 2020లోనూ 2021లోనూ కోవిడ్ వేవ్‌ల మధ్య ఈ వార్డు పని ఎలా నడిచిందో పక్కన కూర్చోబెట్టి చెప్పేవాళ్లు మీకు దొరికి ఉండరు. అప్పటి స్టాఫ్‌లో కొందరు ఆసుపత్రులు మారారు, కొందరు గల్ఫ్ వెళ్లారు, కొందరు రిటైరయ్యారు. నేను అప్పట్లో కొండపల్లి నుంచి ఇబ్రహీంపట్నం రింగు మీదుగా రోజూ విజయవాడ డ్యూటీకి వచ్చేదాన్ని. అప్పుడు మేం చేసిన తప్పులు మీ చేతిలో మళ్లీ జరగకూడదని ఇది రాస్తున్నాను.

ఏ వైరస్ వచ్చినా ముసలివాళ్లు జారిపడటం ఆగదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక రోడ్డు ప్రమాదాల కేసులు బాగా తగ్గాయి. తుంటి విరిగిన కేసులు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఇవి బాత్రూమ్ గడప దగ్గర, తడి వాకిట్లో, తెల్లవారుజామున చీకట్లో మంచం దిగేటప్పుడు జరిగేవి. విజయవాడ పెద్దాసుపత్రిని కోవిడ్ ఆసుపత్రి చేయడంతో, కాలూ చెయ్యీ విరిగితే నేరుగా అక్కడికే వెళ్లే అలవాటున్న కుటుంబాలకి ఎటు పోవాలో తెలియలేదు. కొందరు నాటుకట్టు కట్టించుకుని ఇంట్లోనే ఉండిపోయారు. అందుకని వేవ్ నడుస్తున్నప్పుడు తుంటి పేషెంట్ మీ దగ్గరికి వచ్చేసరికే ఒకటి రెండు రోజులు గడిచిపోయి ఉంటాయని లెక్కేసుకోండి.

మైలవరం వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారి కేసు చెబుతాను. వయసు 78. శనివారం సాయంత్రం పడ్డారు. ఆసుపత్రికి వెళ్తే కరోనా అంటుకుంటుందని భయపడి కట్టు కట్టించి రెండు రోజులు ఇంట్లోనే ఉంచారు. మంగళవారం పొద్దున మా దగ్గరికి తెచ్చారు. విరిగిన కాలు పొట్టిగా అయ్యి, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఎక్స్‌రే అవసరం లేకుండానే తెలిసిపోయే కేసు. స్వాబ్ తీశాం. రిపోర్టు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నట్టు మూల గదిలో పెట్టాం. శాంపిల్ ఆ రోజు మధ్యాహ్నం దాకా కౌంటర్ దగ్గరే ఉండిపోయిందని మర్నాడు తెలిసింది. బుధవారం రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా ఉంచి, గురువారం కేసు క్యాన్సిల్ చేశారు. శుక్రవారమూ అంతే. ఆపరేషన్ అయ్యేసరికి పడి ఎనిమిదో రోజు. అప్పటికే మడమ మీద నల్లటి మచ్చ, నడుం కింద పుండు, ఛాతీలో గురగుర. న్యుమోనియాతో పోయారు. కోవిడ్ రిపోర్టు నెగెటివ్, రెండుసార్లూ.

ఆ కేస్ షీటు నేను చాలాసార్లు మనసులో తిప్పి చూశాను. డాక్టరు తప్పు అని గాని, ల్యాబ్ తప్పు అని గాని ఒకచోట వేలు పెట్టి చూపించలేం. ప్రతి ఒక్కరూ ఒక పూట ఆపారు. ప్రతివాళ్ల దగ్గరా కారణం ఉంది. అన్ని పూటలూ కలిసి ఎనిమిది రోజులయ్యాయి. మీరు నేర్చుకోవాల్సిన మొదటి పని ఆ పూటల్ని లెక్కపెట్టడం.

ఎలాగంటే, కేస్ షీటు మొదటి పేజీ మీద మూడు టైములు రాయండి: పడిన టైము, మన గేటు దాటిన టైము, శాంపిల్ ల్యాబ్ చేతికిచ్చిన టైము. శాంపిల్ తీసిన టైము కాదు, అందుకున్నవాళ్ల సంతకంతో సహా ఇచ్చిన టైము. దాని కింద, గేటు దాటినప్పటి నుంచి 48 గంటలు ఎప్పటికి పూర్తవుతాయో కూడా రాయండి. రౌండ్స్‌లో ఎవరైనా ‘రేపు చూద్దాం’ అంటే ఆ టైము చూపించి అడగొచ్చు. జూనియర్‌గా పెద్ద డాక్టరుని నిలదీయలేం. కాగితం మీద రాసిన గంటలు చూపించి ‘సార్, రేపు మధ్యాహ్నానికి 48 దాటుతుంది’ అనడం మాత్రం ఎవరైనా చేయగలిగిందే.

ఈ గంటల మీద ఆధారం ఏమిటో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే మన మాటకి బలం ఉండదు. 2020లో లాన్సెట్‌లో వచ్చిన హిప్ అటాక్ అనే ట్రయల్లో 17 దేశాల నుంచి 2,970 మంది తుంటి పేషెంట్లున్నారు, మన దేశంవాళ్లు కూడా. కొందరికి దాదాపు ఆరు గంటల్లో ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లకి దాదాపు ఒక రోజులో. చనిపోయినవాళ్ల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తొందరగా చేసినవాళ్లలో మతిభ్రమ, మూత్రం ఇన్ఫెక్షన్ తగ్గాయి, వాళ్లు ముందుగా లేచి నిలబడ్డారు. అంటే ఆరు గంటలకీ ఇరవై నాలుగు గంటలకీ ప్రాణాల విషయంలో పెద్ద తేడా లేదు. రెండు రోజులు దాటితే మాత్రం ప్రమాదం పెరుగుతుందని ఎన్నో ఏళ్ల పరిశీలనలు చెబుతున్నాయి. ఆసుపత్రిలో మన పోరాటమంతా ఆ రెండో రోజుని కాపాడుకోవడం గురించే.

రిపోర్టు పెండింగ్‌లో ఉంటే ఏ పనీ ఆగాల్సిన అవసరం లేదు. పాజిటివ్ అనుకునే పీపీఈ వేసుకుని ఎక్స్‌రే, ఈసీజీ, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, సోడియం, బ్లడ్ గ్రూపింగ్ అన్నీ చేయించండి. ర్యాపిడ్ యాంటిజెన్ అరగంటలో వస్తుంది. పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. నెగెటివ్ వచ్చి లక్షణాలుంటే ఆర్‌టీపీసీఆర్ కూడా కావాలి. కాబట్టి రెండు శాంపిళ్లూ ఒకేసారి తీయించండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం పేషెంట్ అయితే కార్డు ఇంటి దగ్గర మర్చిపోయామన్న మాట మూడో రోజు బయటపడకూడదు. మొదటి గంటలోనే ఆ పథకం చూసేవాళ్లతో మాట్లాడండి. అప్పట్లో ఎమర్జెన్సీ కేసుకి ఫోన్ మీద అనుమతి తీసుకునే దారి ఉండేది. కాగితాలు వెనక నడిచేవి.

పాజిటివ్ వస్తే ఏమిటి? 2020 మేలో లాన్సెట్‌లోనే కోవిడ్‌సర్జ్ అనే పరిశోధక బృందం లెక్క వచ్చింది. ఆపరేషన్‌కి కాస్త ముందో తర్వాతో కోవిడ్ తేలిన, రకరకాల ఆపరేషన్లు అయిన 1,128 మందిలో 23.8 శాతం నెలలోపు చనిపోయారు. ఆ అంకె చూసి చాలాచోట్ల చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత, ఇన్ఫెక్షన్ వచ్చాక ఏడు వారాలు ఆగాలన్న సలహా వచ్చింది. ఆ సలహా ఆగగలిగే ఆపరేషన్ల గురించి. విరిగిన తుంటితో ఎనిమిది రోజులు ఆగితేనే ఏమైందో మామ్మగారి కేసులో చూశారు, ఇక ఏడు వారాల సంగతి చెప్పక్కర్లేదు. ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి, ఆక్సిజన్ ఎంత పడుతోంది అన్నది చూసి ఆర్థో, అనస్థీషియా, ఫిజీషియన్ ముగ్గురూ కలిసి నిర్ణయించాలి. ‘పాజిటివ్, కాబట్టి వాయిదా’ అని ఒక్క మాటతో రాసి ఉంటే, ఏ కారణానికి, ఎప్పుడు మళ్లీ చూస్తారో కేస్ షీటులో రాయించండి. తుంటి ఆపరేషన్ ఎక్కువగా వెన్నులో మత్తు ఇచ్చి చేస్తారు. గొంతులో గొట్టం వేయకపోవడం వల్ల గాల్లోకి తుంపర్లు లేచే భయం కూడా తక్కువ. పేషెంట్‌కి రక్తం పలచబడే ఇంజెక్షన్, అదే ఎనాక్సాపరిన్, ఏ టైముకి ఇచ్చారో స్పష్టంగా రాయండి. మామూలు నివారణ డోసు అయినా దానికీ వెన్ను మత్తుకీ మధ్య 12 గంటలు ఉండాలి. రాత్రి ఎనిమిదికి ఇచ్చి టైము రాయకపోతే, పొద్దున అనస్థీషియా డాక్టరు అనుమానం మీద కేసు ఆపేస్తారు, ఆపడం న్యాయం కూడా.

కడుపు మాడ్చడం గురించి. రాత్రి పదింటికి ‘నోటికేమీ ఇవ్వొద్దు’ అని బోర్డు పెట్టేసి మధ్యాహ్నం మూడింటికి కేసు లేదనడం మన వార్డుల్లో పాత జబ్బు. వేవ్ టైంలో ఓటీ లిస్టు గంటగంటకీ మారుతుంది కాబట్టి అది ఇంకా ముదురుతుంది. గట్టి ఆహారం ఆరు గంటల ముందు ఆపితే చాలు. మంచినీళ్లు, పాలు లేని టీ లాంటివి మత్తుకి రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చని అనస్థీషియా నియమాలే చెబుతున్నాయి. మజ్జిగ, రాగిజావ, పాలు ఆ లెక్కలోకి రావు. ఇంటివాళ్లు మజ్జిగని నీళ్లలాగే చూస్తారు, జాగ్రత్త. మే నెల విజయవాడ ఎండలో, ఏసీ ఆపేసిన వార్డులో 80 ఏళ్ల మనిషిని 17 గంటలు ఎండగడితే కిడ్నీలు దెబ్బతినడానికి వైరస్ అక్కర్లేదు. పొద్దున ఏడింటికి ఓటీకి ఫోన్ చేసి మీ కేసు ఎన్నోదో కనుక్కోండి. పదింటికి మళ్లీ చేయండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

వైరస్ ఉందో లేదో పెద్దవాళ్లలో జ్వరాన్ని బట్టి చూడొద్దు. మనం నొప్పికి ఆరు గంటలకోసారి పారాసెటమాల్ ఇస్తూనే ఉంటాం. టెంపరేచర్ చార్టు నున్నగా ఉంటుంది, లోపల జబ్బు పెరుగుతూ ఉంటుంది. ఈ పొరపాటు మా వార్డులో నెల రోజులు నడిచింది. చూడాల్సినవి ఊపిరి లెక్క, ఆక్సిజన్ సాచురేషన్, ఉన్నట్టుండి అన్నం వద్దనడం, పొంతన లేని మాటలు. ఊపిరి లెక్క నిజంగా వాచీ పెట్టి నిమిషం లెక్కపెట్టండి. అన్ని చార్టుల్లోనూ 18 అని రాసి ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. సాచురేషన్ 94 కన్నా తగ్గితే వెంటనే చెప్పండి. గోరింటాకు పెట్టిన వేలు, చల్లబడిన వేలు తప్పుడు అంకె చూపించొచ్చు, వేలు మార్చి చూడండి. ఇంకో సంగతి: పెద్ద ఎముక విరిగినప్పుడు కొవ్వు రక్తంలో కలిసి కూడా ఆక్సిజన్ పడిపోతుంది, కాలి సిరలో గడ్డ కదిలినా పడిపోతుంది. అన్నిటినీ కరోనా ఖాతాలో వేస్తే అసలు జబ్బు తప్పించుకుంటుంది.

ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ పేషెంట్లకి డెక్సామెథసోన్ పనిచేస్తుందని 2020 జూన్‌లో తేలింది. రోజుకి 6 మిల్లీగ్రాములు, పది రోజులకి మించకుండా. ఇలాంటి స్టెరాయిడ్లని అవసరం లేనివాళ్లకీ, ఎక్కువ రోజులూ ఇచ్చిన చోట 2021 మేలో షుగర్ పేషెంట్లలో బ్లాక్ ఫంగస్ చూశాం. తుంటి పేషెంట్‌కి స్టెరాయిడ్ మొదలైతే షుగర్ రోజుకి నాలుగుసార్లు చూడాలి. కుట్లు మానకపోతే కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

పీపీఈ వేసుకుని గదిలోకి వెళ్లడం అంటే ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. రెండు గంటలకోసారి పేషెంట్‌ని తిప్పడం అప్పుడే ఎగిరిపోతుంది. లోపలికి వెళ్లే ముందు చేయాల్సిన పనులన్నీ కాగితం మీద రాసుకుని, సామానంతా ఒక ట్రేలో పెట్టుకుని, ఇద్దరు వెళ్లండి. మోకాళ్ల మధ్య దిండు పెట్టి ఒకేసారి పక్కకి తిప్పడం, వీపు చూడటం, బెడ్‌షీట్ ముడతలు తీయడం, నీళ్లు తాగించడం, మందులు, యూరిన్ బ్యాగు అన్నీ ఆ ఒక్క రాకలో అయిపోవాలి. మడమ కింద ఏమీ ఉండకూడదు. పిక్క కింద మడత పెట్టిన టవల్ పెడితే మడమ గాల్లో ఉంటుంది. ట్రాక్షన్ బూటు ఉంటే రోజుకోసారైనా విప్పి మడమ చూసి రాయాలి. నాకు తెలిసి మడమ పుండ్లలో సగం ఆ బూటు లోపలే పుడతాయి. కుటుంబం ఆ పుండుని మర్చిపోదు కూడా. తుంటి బాగా అతికినా, ‘మీ ఆసుపత్రిలో పుండు చేసి పంపారు’ అనే అంటారు.

మతిభ్రమ దగ్గర కాసేపు ఆగుతాను. అటెండెంట్ లేని వార్డులో, ముఖాలు కనబడని మనుషుల మధ్య ముసలివాళ్లకి ఇది తప్పక వస్తుందని అనుకునే ఏర్పాట్లు చేసుకోవాలి.

మా కొండపల్లి పెద్దాయన ఒకరు అప్పట్లో మా వార్డులో ఉన్నారు. తెల్లపొణికి కర్ర చెక్కి, రంగులేసి బతికిన మనిషి. తొడ ఎముకలో రాడ్డు వేసిన రెండో రాత్రి మంచం దిగబోయారు, అరిచారు. ఎడమచేత్తో గాల్లో ఏదో పట్టుకున్నట్టు, కుడిచేతి మూడు వేళ్లూ కలిపి దాని మీద ఏదో గీస్తున్నట్టు ఆడించారు. కాన్యులా పీకేస్తారని నైట్ స్టాఫ్ రెండు చేతులూ గాజు గుడ్డతో మంచం కడ్డీలకి కట్టేశారు. పొద్దున నేను వెళ్లేసరికి మణికట్టు మీద ఎర్రటి గీతలు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బండలా ఉంది. ముందురోజు క్యాథెటర్ తీశారు. ఆ తర్వాత ఆయన మూత్రం పోశారా లేదా ఎవరూ చూడలేదు. గొట్టం వేస్తే 800 మిల్లీలీటర్లు వచ్చింది. గంటలో అరుపులు ఆగిపోయాయి. చేతులు మాత్రం ఆగలేదు. వీడియో కాల్‌లో కోడలికి చూపిస్తే ఆ అమ్మాయి ఏడుస్తూనే చెప్పింది, ‘మావయ్యగారు రంగులేస్తున్నారండీ, బొమ్మకి కళ్లు దిద్దేటప్పుడు అలాగే పట్టుకుంటారు’ అని. కళ్లజోడు ఎక్కడుందని అడిగితే క్యాజువాలిటీలో సంచిలో పడేశామని తేలింది. తెప్పించి పెట్టాం.

కట్టేయడం మందు కాదు, కట్టేసినకొద్దీ భ్రమ పెరుగుతుంది. ముసలివాళ్లు రాత్రి గోల చేస్తే నిద్ర ఇంజెక్షన్ అడగడానికి ముందు కొన్ని చూడండి: మూత్రం నిలిచిందా, నొప్పికి మందు పడిందా, ఆక్సిజన్ ఎంత, షుగర్ ఎంత, సోడియం ఎంత, విరేచనం అయి ఎన్ని రోజులైంది, ట్రమడాల్ ఏమైనా కొత్తగా మొదలుపెట్టారా. కళ్లజోడు, వినికిడి మిషన్, కట్టుడు పళ్లు మూడూ పేరు రాసిన డబ్బాలో మంచం పక్కనే ఉండాలి. మాస్కు వెనక పెదాలు కనబడవు కాబట్టి చెవుడు ఉన్నవాళ్లకి మన మాట చేరదు. చెవి దగ్గరగా, నెమ్మదిగా, ‘మామ్మగారూ’, ‘తాతగారూ’ అని పిలిచి, మీ పేరు, ఇది ఏ ఊరు, పగలా రాత్రా చెప్పండి. పీపీఈ మీద పేరు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసుకోండి. ఇంటివాళ్లతో ఫోన్ రోజూ ఒకే టైముకి కలపండి.

ఇంటివాళ్ల సంగతి కూడా ఇక్కడే. ఒక్కరితోనే మాట్లాడతామని మొదటి రోజే నంబరు తీసుకోండి. నలుగురు కొడుకులకి నాలుగు షిఫ్టులవాళ్లు నాలుగు రకాలుగా చెబితే గొడవలు పెరుగుతాయి. ‘ఏం కాదు’ అని మాట ఇవ్వొద్దు. అటెండెంట్‌ని అనుమతించే రోజుల్లో ఆ మనిషి మారకుండా చూడండి. పగలొకరు, రాత్రొకరు, మధ్యలో చూసిపోవడానికి వచ్చే బావమరిది, వీళ్ల వల్ల నెగెటివ్‌గా వచ్చిన పేషెంట్ ఐదో రోజుకి పాజిటివ్ అవుతాడు. పాజిటివ్ అయిన రోజు తప్పు మన మీదే పడుతుంది, కాబట్టి ఎవరు ఎప్పుడు వచ్చారో రిజిస్టరులో రాయండి. ఫోన్ మీద తీసుకున్న అంగీకారానికి సాక్షిగా రెండో స్టాఫ్ సంతకం, టైము ఉండాలి. నోటితో చెప్పిన ఆర్డరు ఆ షిఫ్టు ముగిసేలోపు కాగితం మీదకి రావాలి. వేవ్ టైంలో ఎన్ని డ్యూటీలు చేశామో తర్వాత ఎవరికీ గుర్తుండదు, విచారణ వస్తే రాసినదే చూస్తారు.

నిప్పు భయం కూడా మర్చిపోవద్దు. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ పేషెంట్లని ఉంచిన స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు లేచి కనీసం పదిమంది చనిపోయారు. మన పేషెంట్లు అసలే లేవలేరు. హోటళ్లలో, కల్యాణ మండపాల్లో తాత్కాలిక వార్డులు పెడితే తుంటి కేసులు కింది అంతస్తులోనే ఉండాలని మొదటే గట్టిగా అడగండి. దుప్పటితో సహా పేషెంట్‌ని నేల మీద లాక్కెళ్లడం ఒకసారి చేసి చూడండి. మెట్ల తలుపు తాళం ఎవరి దగ్గరుందో ప్రతి నైట్ స్టాఫ్‌కీ తెలిసి ఉండాలి.

ఆపరేషన్ అయిన మర్నాడు పేషెంట్ కూర్చోవాలి, వీలైతే వాకర్ పట్టుకుని నిలబడాలి. అప్పట్లో కోవిడ్ వార్డులోకి ఫిజియోథెరపిస్టు వచ్చేవారు కాదు, లేదా వారానికోసారి వచ్చేవారు. ఆ పని మనదే. ఎంత బరువు మోపొచ్చో సర్జన్ చేత రాయించుకోండి. పడుకోబెట్టి, కూర్చోబెట్టి బీపీ చూడండి, తల తిరుగుతోందేమో అడగండి, ఆక్సిజన్ గొట్టం పొడుగు సరిపోతుందో చూసుకోండి. రెండు నిమిషాలు నిలబడినా చాలు. ఛాతీకి, పేగులకి, కాలి సిరలకి, మనసుకి అంత మేలు చేసే మందు మన ట్రాలీలో లేదు.

మీ ఒంటి సంగతి కూడా చూసుకోండి. పీపీఈ వేసుకునేటప్పుడు అందరం జాగ్రత్తగానే ఉంటాం. అంటుకునేది విప్పేటప్పుడు, అలసిపోయి, చెమటతో, తొందరలో ఉన్నప్పుడు. విప్పేచోట అద్దం పెట్టించండి, ఒకరు చూస్తుండగా ఒకరు విప్పండి. ముసలి పేషెంట్‌ని ఒక్కరే ఎత్తొద్దు. నడుం పోతే సెలవు దొరకదు, పక్కవాళ్ల మీద ఆ డ్యూటీ కూడా పడుతుంది.

ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ ఒక్కటీ ఇచ్చి ఊరుకోవద్దు. రక్తం పలచబడే మందు సాధారణంగా నెల రోజుల దాకా వాడాలి, ఎవరు ఇంజెక్షన్ చేస్తారో అడిగి రాసుకోండి. ఎముక గట్టిపడే మందులు మొదలుపెట్టకుండా పంపితే రెండో తుంటి విరిగి మళ్లీ రావొచ్చు. తుంటి బంతి మార్చి బైపోలార్ వేసినవాళ్లు పీట మీద, నేల మీద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, గొంతుకూర్చుని దొడ్డికి వెళ్లకూడదు. నులక మంచం మధ్యలో కుంగుతుంది, దాంట్లోంచి లేవడం కష్టం. రాడ్డు వేసినవాళ్లకి కూడా ఎముక అతికేదాకా ఎత్తైన కుర్చీ, ఎత్తైన మంచమే. వెళ్లిన వారానికి ఒకసారి ఫోన్ చేయండి. ‘బాగున్నారా’ అంటే ‘బాగున్నారు’ అనే చెబుతారు. మడమ చూశారా, పిక్క వాచిందా, ఈరోజు ఎన్నిసార్లు లేచారు, ఎక్కడ కూర్చున్నారు అని విడివిడిగా అడగండి.

ఆ కొండపల్లి పెద్దాయన ఇంటికి అలాగే ఫోన్ చేశాను. కోడలు చెప్పింది, మంచం ఎత్తు పెంచడానికి నాలుగు కాళ్ల కింద దిమ్మలు పెట్టామని. ఏం దిమ్మలని అడిగితే, ఇంట్లో ఉన్న తెల్లపొణికి దిమ్మలేనంది. అది బొమ్మ చెక్కే మెత్తటి కర్ర, మనిషితో సహా మంచం బరువు దాని మీద పెడితే ఒక కాలి కింద నలిగి ఒరిగిపోతుంది. గట్టి చెక్క దిమ్మలు చేయించి, మంచం కోడు జారకుండా మధ్యలో గుంట తీయించమని చెప్పాను. సాయంత్రానికి మార్చి ఫోటో పంపారు.